ఆ క్యాసెట్‌లో ఒర్లింది నేనే

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ చేసిన తెలివితక్కువ పనిని తానే రికార్డు చేసి, డబ్బాలో పెట్టి, పైన పేరు రాసి, మనిషి చేతికిచ్చి మరీ సముద్రం అవతలికి పంపినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ పేరు నా బిడ్డది. ఆ రికార్డులో ఉన్నది నా ఒర్లుడు. మా వైపు అరుపుకు ఒర్లుడు అంటారు. అరుపులో ఇంకా కాస్త మర్యాద మిగిలి ఉంటుంది, ఒర్లుడులో అదీ ఉండదు.

ఎనభైల చివరి మాట. మస్కట్‌లో అల్ ఖువైర్‌లో మా కంపెనీ ఆఫీసు. బిల్డింగుల మరమ్మతు పని. నేను స్టోర్ కీపర్ని. బల్బులు, పైపులు, తాళాలు ఎన్ని వచ్చాయో ఎన్ని పోయాయో రాసుకోవడం నా డ్యూటీ. రూమ్ హమ్రియాలో. ఐదుగురం ఉండేవాళ్ళం. నలుగురం కరీంనగర్, నిజామాబాద్ దిక్కువాళ్ళం, ఐదో మనిషి కడప భాయి. ఆయన వాటర్ ట్యాంకర్ డ్రైవరు. ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు గానీ మాతో కడప తెలుగే. వయసులో నాకంటే ఏడాదో రెండేళ్ళో చిన్న, అందుకని నన్ను అన్నా అనేవాడు.

ఉత్తరాలు రాసేవాళ్ళం, కానీ మాకు అసలు ఉత్తరం అంటే క్యాసెట్టే. ఖాళీ క్యాసెట్టు కొని, టేపురికార్డరు ముందు కూర్చుని, రెండు వైపులా నిండేదాకా మాట్లాడి, ఎవరు ఛుట్టీ మీద ఊరికి పోతుంటే వాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ఇంటివాళ్ళు విని, మరో క్యాసెట్టు నింపి, తిరిగి వచ్చేవాళ్ళతో పంపేవాళ్ళు. అందులో మాటలతో పాటు కోడి కూత, ఎవరో బిందె దించిన చప్పుడు, పక్కింటావిడ దగ్గు కూడా వచ్చేవి. వాటి కోసమైనా రెండుసార్లు వినేవాళ్ళం.

ఒకసారి నేను పంపిన వస్తువుల్లో ఓ రంగుల కార్డు ఉంది. దాని మీద రోలర్ కోస్టర్ బొమ్మ. అప్పటికి నాలుగో తరగతిలో ఉన్న నా బిడ్డ తర్వాతి క్యాసెట్టులో అడిగింది.

"బాపూ, గా రైలు పట్టాలు తలకిందులున్నయేంది? మనుషులు ఎందుకు పడిపోతలేరు? మా సార్‌ను అడిగితే మీ బాపునే అడుగు అన్నడు."

సారు నన్ను అడగమన్నాడు! ఇంటర్ తప్పి, ఏ పట్టా లేనివాణ్ణి. పట్టాల గురించి చెప్పమని ఒక సారే పంపాడు. ఆ గౌరవానికి ఉబ్బిపోయాను. సరిగ్గా ఆ నెలలోనే మా ఆఫీసులో ఒక ఇంజినీరు కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోతూ వదిలేసిన అట్టపెట్టెలు స్టోరుకు వచ్చాయి. ఒకదాంట్లో పిల్లల బొమ్మల పుస్తకం దొరికింది. ఇంగ్లీషు. అందులో ఎనిమిది పేజీలు రోలర్ కోస్టర్ల చరిత్రే. డిక్షనరీ పెట్టుకుని, మాట మాట తవ్వుకుంటూ చదివాను. స్టోర్ కీపర్ని కాస్తా స్టోరీ కీపర్నయ్యాను.

మొదటి క్యాసెట్టులో రష్యా చెప్పాను. అక్కడ చలికాలంలో చెక్కలతో ఎత్తుగా గుట్ట కట్టి, పైనుంచి నీళ్ళు పోస్తే అది గడ్డ కట్టేదనీ, మనుషులు మెట్లెక్కి పోయి, దాని మీద నుంచి జర్రున జారేవాళ్ళనీ చెప్పాను. నా బిడ్డ మంచుగడ్డను ఐస్‌ఫ్రూట్ డబ్బాలో తప్ప చూడలేదు. "మన ఐస్‌ఫ్రూట్ తాత డబ్బా మన స్కూలంత ఎత్తు ఉందనుకో, దాని మీద నుంచి నువ్వు కిందికి జారుతున్నవనుకో" అన్నాను. రెండో దాంట్లో ఫ్రాన్సు. అక్కడ అంత చలి లేదు, మంచు నిలవదు, అందుకని బండికి చక్రాలు పెట్టి, దారికి గాడి చేసి జారారు. మూడోది అమెరికా. కొండ మీది గని నుంచి బొగ్గు నిండిన బండ్లు వాటి బరువుకు అవే కిందికి దిగి వచ్చేవి. ఖాళీ బండ్లను మళ్ళీ పైకి లాగడానికి కంచరగాడిదలు. ఆ గాడిదల్ని కూడా దిగేటప్పుడు ఒక బండిలో ఎక్కించి తెచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు వాటికి ఆ సుఖం మరిగి, కిందికి నడిచి దిగమంటే మొరాయించాయట. తర్వాత మనుషులూ సరదాకు ఆ బండ్లెక్కడం మొదలుపెట్టారు.

ఈ గాడిదల కథకు మా ఊళ్ళో మంచి పేరొచ్చింది. శనివారం మధ్యాహ్నం సారు నా బిడ్డను ముందుకు పిలిచి, బల్ల మీద నిలబెట్టి, మీ బాపు ఏం చెప్పిండో చెప్పు అనేవాడట. అది నా గొంతునే అనుకరిస్తూ చెప్పేదట. నాలుగో క్యాసెట్టులో అసలు రహస్యం విప్పాను. బండికి పట్టా పైన ఒక చక్రం, పక్కన ఒక చక్రం, పట్టా కింద ఇంకో చక్రం ఉంటాయి, మూడూ కలిసి పట్టాను పిడికిలితో పట్టుకున్నట్టు పట్టుకుంటాయి, అందుకే తలకిందులైనా బండి ఊడదు అని చెప్పాను. ఇక్కడితో ఆపితే నా బతుకు బాగుండేది. ఆగలేదు. "భయమే లేదు బిడ్డా. నేనైతే ఇక్కడ ప్రతి శుక్రవారం ఎక్కుతా" అన్నాను.

నిజానికి నేను అప్పటిదాకా రంకులరాట్నం కూడా ఎక్కలేదు.

జవాబులో నా బిడ్డ గొంతు పొంగిపోతోంది. "బాపూ, ఈ శుక్రవారం ఎక్కినప్పుడు ఆ చప్పుడు టేపు చేసి పంపు. మా క్లాసోళ్ళందరు ఇంటరు. సార్ గూడ వస్త అన్నడు."

సముద్రం వైపు పిల్లల ఆటల పార్కు ఒకటి ఉండేది. అందులో ఒక చిన్న రోలర్ కోస్టర్. తలకిందులయ్యేది కాదు. రెండు గుట్టలు, ఒక మలుపు, అంతే. చిన్నపిల్లల కోసం కట్టింది. కడప భాయిని వెంటబెట్టుకుని ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. ఆ సాయంత్రమే జగిత్యాల మనిషి ఒకాయన ఛుట్టీ మీద వెళ్తున్నాడు. నాలుగింటికి వాళ్ళ వ్యాను ఎయిర్‌పోర్టుకు బయల్దేరుతుంది. అంటే ఎక్కడం, దిగడం, క్యాసెట్టు తీసి ఆయన చేతిలో పెట్టడం, అన్నీ ఒక వరసలో జరగాలి.

నా మాటలు ముందే రూములో నింపేశాను. చివర కాస్త టేపు ఈ చప్పుడు కోసం వదిలాను. రికార్డరును తువ్వాలలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ముందు బండిలో కూర్చున్నాను. నా వెనక ఒక ఒమానీ పెద్దావిడ, ఆమెకు చెరో పక్కన ఒక మనవరాలు. ఆవిడ కాగితం పొట్లంలోంచి వేరుశనగలు తింటోంది. నేను ఎర్ర బటన్ నొక్కాను. బండి కదిలింది.

తర్వాత జరిగింది నాకు తెలిసినంతలో చెబుతాను. బండి టకటకమంటూ గుట్ట ఎక్కింది. పైన ఒక్క క్షణం ఆగినట్టయింది. సముద్రం కనిపించింది. ఆ తర్వాత సముద్రం పైకి పోయింది, నేను కిందికి పోయాను. మొత్తం మూడు చుట్లు. పళ్ళు బిగబట్టి, పెదవి కొరుక్కుని, ఇంత మాట కూడా బయటికి రానీయకుండా కూర్చున్నాను. ఇది నేను అబద్ధం చెప్పడం కాదు. అలా కూర్చున్నానని ఆ రోజు నేను నిజంగానే నమ్మాను. మోకాళ్ళు వణుకుతున్నాయి గానీ, పరవాలేదు, మోకాళ్ళు టేపులో రికార్డు కావు కదా అనుకున్నాను.

కింద భాయి నిలబడి ఉన్నాడు. నన్ను అదోలా చూశాడు.

"ఎట్లొచ్చింది భాయ్ చప్పుడు?" అని అడిగాను.

"బ్రహ్మాండంగా వచ్చింది లేన్నా. గేటు కాడ టిక్కెట్లు కొనేటోళ్ళకు గూడా ఇనపడింది."

మిషన్ అంత చప్పుడు చేసిందా అని సంతోషపడ్డాను. తిప్పి వినడానికి టైము లేదు. టాక్సీ ఎక్కి ఆ జగిత్యాల మనిషి రూముకు పోయి, వ్యాను కదులుతుంటే కిటికీలోంచి క్యాసెట్టు అందించాను. "జాగ్రత్త అన్నా, నా బిడ్డ ఎదురుచూస్తది" అని రెండుసార్లు చెప్పాను.

ఇక్కడ నా బామ్మర్దిని పరిచయం చేయాలి. నా భార్య తమ్ముడు. మా ఊళ్ళోనే మైకు సెట్టు దుకాణం. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు కొమ్ము మైకులు కట్టేవాడు. మేనకోడలంటే ప్రాణం. రోలర్ కోస్టర్ చప్పుడు వస్తోందని మేనకోడలు చెప్పేసరికి, చిన్న టేపురికార్డరులో ఏం వినబడుతుందని, యాంప్లిఫయరు, రెండు కొమ్ములు తెచ్చి మా వాకిట్లో వేపచెట్టుకు కట్టాడట. క్లాసు పిల్లలంతా చాపల మీద, సారుకు కుర్చీ. వాడకట్టంతా వచ్చింది. మొదట నా మాటలు. తర్వాత టకటక. అందరూ ఊపిరి బిగబట్టారట. ఆ తర్వాత నేను.

ఆ సంగతి నాకు నెలన్నరకు తెలిసింది. తిరిగొచ్చిన జగిత్యాల మనిషి క్యాసెట్టు ఇచ్చి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. రూములో అందరం కూర్చుని పెట్టుకున్నాం. ఒకరి క్యాసెట్టు అందరం వినడం మా రూము అలవాటు. ముందు నా భార్య గొంతు వచ్చింది.

"అందరం మంచిగున్నం. టేపు అందింది. అందరు ఇన్నరు." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "గా ఒర్లింది మీరేనా?" అంది.

అప్పుడు బామ్మర్ది వచ్చాడు. గొంతులో నవ్వు ఆగడం లేదు. "బావా, నమస్తే! గా నడుమల రోకో రోకో అన్నది ఎవరు బావా? నువ్వేనా, లేకుంటే మస్కట్‌ల రైల్‌రోకో చేస్తున్నరా? నువ్వు ఇనలేదేమో అని నీకు గూడ ఒక కాపీ తీసిన. ఇగ ఇను."

అలా నా ఒర్లుడును నేను మొదటిసారి విన్నాను. ఐదుగురి మధ్య, కూర మూకుడు ముందు కూర్చుని.

"అవ్వా! ఓ అవ్వా! దింపుమను అవ్వా! రోకో! రోకో భాయ్ రోకో! ఇగ నేను పోత, మా ఊరికి పోత! బతాకా తీస్కో, పాస్‌పోర్టు తీస్కో, దింపు!"

అవ్వ అంటే మా వైపు అమ్మ. బతాకా అంటే మా లేబర్ కార్డు. అది లేకపోతే మేం రోడ్డు మీదికి రాలేం. ఇక పాస్‌పోర్టు నా దగ్గర లేనే లేదు, కంపెనీ దగ్గర ఉంది. లేనిదాన్ని కూడా ఇచ్చేస్తానని బేరం పెట్టాను. మధ్యలో వెనక సీటు పెద్దావిడ గొంతు, వేరుశనగలు నములుతూనే, చంటిపిల్లను జోకొట్టినట్టు, "ఖలాస్, ఖలాస్" అనడం వినబడింది. అయిపోయింది, అయిపోవచ్చింది అని ఓదార్పు. ఒమాన్‌లో నా మానం పోయిన చోట ఓదార్చింది ఆవిడొక్కతే.

రూములో ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది. ఒకాయన లేచి పోయి అన్నం కలియబెట్టాడు. అన్నం అప్పటికే దించేసి ఉంది. భాయి నేల చూస్తూ అన్నాడు, "ఆ పొద్దే చెబుదామనుకున్యా అన్నా. నువ్వు చప్పుడు గురించి అడిగితివి. నేను దాని గురించే చెప్తి."

టేపు ఇంకా తిరుగుతోంది. నా భార్య మళ్ళీ వచ్చింది. "బిడ్డ మాట్లాడ అంటున్నది. బడిల పిలగాండ్లు దాన్ని రోకో అని పిలుస్తున్నరు. శనివారం కథ చెప్ప అన్నదట సార్‌తోని." అంతే. కోడి కూత వచ్చింది, బిందె చప్పుడు వచ్చింది, నా బిడ్డ గొంతు మాత్రం రాలేదు. క్యాసెట్టు తిప్పి రెండో వైపు కూడా ఖాళీ బుస్సుమనే చప్పుడు చివరిదాకా విన్నాను. ఎక్కడైనా ఒక్క మాట ఉందేమోనని.

మొగవాణ్ణి భయపడ్డానన్న సిగ్గు నాలుగు రోజుల్లో తగ్గిపోయేదే. నా గొప్పలు నమ్మి బల్ల మీద నిలబడ్డ పిల్లను కింద పడేశానన్నది తగ్గేది కాదు. మరి నేను ఏం చేశాను? బుద్ధి తెచ్చుకున్నానా? లేదు. ఇంకో క్యాసెట్టు తీసుకుని ఇంకో అబద్ధం నింపాను. "ఒర్లింది నేను కాదు బిడ్డా, నా పక్కన కూసున్నోడు. పాపం, కొత్తగ వచ్చిండు, భయస్తుడు" అన్నాను. లేని మనిషి మీద జాలి కూడా పడ్డాను.

దానికి జవాబు నా భార్యే చెప్పింది. "పక్కన కూసున్నోడు అంటున్నరు. గాయన గూడ అవ్వా అని మీ తీర్గనే సాగదీస్తడా? బిడ్డ ఏమన్నదో చెప్తున్న. 'బాపు భయపడితే భయపడ్డడు. మల్ల అబద్ధమెందుకు ఆడిండు' అన్నది. మాట్లాడు అంటే లేచి పోయింది."

ఆ మాట నన్ను ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తర్వాతి క్యాసెట్టులోనూ అది మాట్లాడలేదు. మూడు క్యాసెట్లు, అంటే మాకు ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో అది ఐదో తరగతికి వచ్చింది. పొడుగైందట. ఆ సంగతి కూడా నాకు బామ్మర్దే చెప్పాడు, "రోకో బావా" అని మొదలుపెట్టి. ఆ పేరు ఊళ్ళో అందరికీ పాకింది. నా గొంతు కాపీ పెళ్ళిళ్ళలో బువ్వ పెట్టే ముందు జనం నవ్వడానికి కొమ్ములో వేస్తున్నాడట. ఆ సంగతీ తనే సంతోషంగా చెప్పాడు. మేనకోడలి మీద ప్రాణం పెట్టే మనిషికి, ఆ టేపు మోగిన ప్రతిసారీ ఆ పిల్ల తల ఎక్కడ దాచుకుంటోందో తట్టలేదు. తట్టకపోవడానికి తప్పు పూర్తిగా ఆయనది కాదు, మొదట ఇచ్చింది నేనే. అయినా నాకు కోపమొచ్చింది. సిగ్గుతో వచ్చే కోపానికి ఎవరో ఒకరు కావాలి కదా.

పుస్తకంలో నేను పిల్లకు చెప్పని పేజీ ఒకటి మిగిలింది. రైలు గుండ్రంగా తలకిందులు తిరిగే చుట్టు గురించి. మొదట్లో కట్టినవాళ్ళు దాన్ని గాజులా అచ్చంగా గుండ్రంగా కట్టారు. ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేశాయి. జనం ఎక్కడం మానేశారు. చాలా ఏళ్ళ తర్వాత, పైన గుండ్రంగా, కింద సాగదీసి, తలకిందులైన నీటిబొట్టు లాగా కడితే మెడ నొప్పి లేకుండా తిరగొచ్చని తెలిసింది. ఈ పేజీ చదువుతూ కొత్త క్యాసెట్టు పెట్టి, ఎర్ర బటన్ నొక్కాను.

ముందు గుండ్రటి చుట్టు సంగతి చెప్పాను. తర్వాత ఇలా అన్నాను. "బిడ్డా, ఒర్లింది నేనే. పక్కన ఎవడు లేడు. అంతకుముందు నేను ఎన్నడు ఎక్కలే. ప్రతి శుక్రవారం అన్నది అబద్ధం. పట్టా కింద చక్రం ఉన్నదని నాకు తెలుసు. పైకి పోయినంక ఆ చక్రం యాదికి రాలే, మీ నాయినమ్మనే యాదికొచ్చింది. మళ్ళ ఎక్కలేదు. ఎక్కను గూడ. నువ్వు మాట్లాడకపోయినా మంచిదే, కానీ గాడిదల కథ మాత్రం అబద్ధం కాదు. అది పుస్తకంల ఉన్నది. అది సార్‌కు చెప్పు."

ఇది రెండో వైపు. మొదటి వైపు ఇంకా ఖాళీగా ఉంది. దాని గురించి చెప్పి ముగిస్తాను.

క్యాసెట్టు మొదట్లో నమస్కారాలు చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. పెద్దలకు నమస్కారాలు, సాటివాళ్ళకు బాగున్నారా, పిల్లలకు దీవెనలు, అన్నీ పేరు పేరునా, వరసలు తప్పకుండా. మొదటి వైపు సగం అదే ఉంటుంది. వాడకట్టులో చాలామంది వచ్చి కూర్చునేది కథ కోసం కాదు, తమ పేరు ఎప్పుడొస్తుందా అని. ఒక్క పేరు జారిపోయినందుకు రెండిళ్ళు ఏడాది మాట్లాడుకోని సంగతులు నాకు తెలుసు. అందుకని స్టోరులో సామాను లెక్క చూసినట్టు పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటి చదువుతూ టిక్కు పెట్టుకునేవాణ్ణి.

ఆ రోజు భాయి నా పక్కన కూర్చుని కాగితం పట్టుకున్నాడు. సారుకు నమస్కారం చెప్పాను. క్లాసు పిల్లలకు దీవెనలు. చాకలి అత్తకు, మంగలి మామకు, ఐస్‌ఫ్రూట్ తాతకు. పోయిన నెల ఊళ్ళోకి కొత్తగా వచ్చిన కాంపౌండరు మొహం కూడా నాకు తెలియదు, ఆయనకూ చెప్పాను. పక్కింటి బర్రె ఈనిందని నా భార్య చెప్పింది గుర్తొచ్చి, ఆ దూడకు దీవెనలు. చివరగా, "నా మాట ఇంత దూరం వినిపిస్తున్న మైకు సెట్టుకు, రెండు కొమ్ములకు, బ్యాటరీకి పేరు పేరునా నమస్కారం" అని ఆపాను.

భాయి కాగితం పైనుంచి కిందికి చూశాడు. "ఒకరు మిగిలినారన్నా."

"మిగలనీ."

"మైకుకు జెప్తివి, మైకు కట్టే ఆయప్పకు జెప్పలేదే!"

"అదే భాయ్."

భాయి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పొద్దు మొదటిసారి నవ్వాడు.

జవాబు రెండు నెలలకు వచ్చింది. బటన్ నొక్కగానే ముందు దగ్గు, ఆ తర్వాత కొద్దిగా మారిన, నేను మొదట పోల్చుకోలేని గొంతు.

"బాపూ, నేను. మామకు ఏం కాలే గనీ అలిగిండు. నీ టేపు మూడుసార్లు మొదటికెల్లి తిప్పి పెట్టిండు. ఆయన పేరు రాలే. కొమ్ములకు నమస్కారం వచ్చినప్పుడు సార్‌తోసహా అందరు మామ దిక్కే చూసిండ్రు. మామేమో టేపు నడుమల తెగింది, కట్టయింది అంటడు. ఎక్కడ తెగింది మామా చూపెట్టు అని నేనే అడిగిన. రోకో టేపు మీద పాటలు ఎక్కించేసిండు, నేను చూసిన." తర్వాత గొంతు తగ్గింది. "రెండో వైపు మామకు పెట్టనీయలే. నేనొక్కదాన్నే ఇన్న."

అది ఇంకా చాలాసేపు మాట్లాడింది. ఆ మాటలు నాకోసం.

చిట్టచివర బామ్మర్ది కూడా వచ్చాడు. రోకో అనలేదు. "బావా, బాగున్నవా? ఈసారి టేపుల..." అని ఆగి, "ఏం లేదు తియ్యి" అన్నాడు. ఆ ముక్కను నేను రూములో అందరి ముందు నాలుగుసార్లు తిప్పి విన్నాను.

తర్వాతి క్యాసెట్టులో ఆయన్ను బాగున్నావా అని అడిగాను. దూడ తర్వాత.